50 బీటా కీలు, 400 మంది సభ్యులు: ఎవరికివ్వాలి, ఎలా ఇవ్వాలి?

సర్వర్_సారథి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మా డిస్కార్డ్ సర్వర్‌లో, అంటే ఆ చాట్ యాప్‌లో మేం నడిపే గేమర్ల గుంపులో, 400 మంది సభ్యులున్నారు. ఒక చిన్న స్టూడియో తమ ఐదుగురికి ఐదుగురు ఆడే షూటర్ గేమ్ క్లోజ్డ్ బీటాకి, అంటే విడుదలకి ముందు కొందరికే తెరిచే పరీక్షకి, 50 స్టీమ్ కీలు ఇస్తామంది. స్టీమ్ గేమ్ స్టోర్లో కొడితే ఆట తెరుచుకునే కోడ్‌లవి. ఎవరికివ్వాలో తేల్చుకోమని మాకే వదిలేసింది. పాతవాళ్ళకే ఇవ్వాలని కొందరు, చీటీలు తీయాలని కొందరు, మోడరేటర్లు ముందే తమవాళ్ళకి పంచేసుకున్నారని మరికొందరు. కీలు ఇంకా చేతికి రాలేదు, గొడవ మాత్రం వచ్చేసింది. పంపకం తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. "నీతిగా ఇవ్వు" అంటే సరిపోదు. ఏ రోజు ఏం చెయ్యాలి, ఎక్కడ దెబ్బతింటుంది అన్నది కావాలి.

---

స్టీమ్_సుబ్బు

సారథి గారూ, ఇది మీ సర్వర్‌కి మాత్రమే వచ్చిన జబ్బు కాదు. పెద్ద కంపెనీలు ఇదే పనిని నాలుగు రకాలుగా చేశాయి, నాలుగింటికీ తిట్లు తిన్నాయి. ఏ పద్ధతికి ఏ తిట్టు పడిందో తెలిస్తే మీకు దారి దొరుకుతుంది.

డోటా 2 బీటాలో ఇన్వైట్లు ఆటగాళ్ళ స్టీమ్ ఇన్వెంటరీలోకే వచ్చేవి, స్నేహితులకి ఇవ్వొచ్చు, మారకం చెయ్యొచ్చు. మొదట్లో వాటికోసం జనం ఎగబడ్డారు. 2013 జులైలో ఆట పూర్తిగా విడుదలయ్యేనాటికి ఒక్కొక్కరి దగ్గర పోగుపడి, ఉచితంగా ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు. చేతులు మారగలిగే ఇన్వైట్‌కి ధర పుడుతుంది, ధర పుట్టినచోట మోసం పుడుతుంది.

వాలరెంట్ 2020 ఏప్రిల్ 7న క్లోజ్డ్ బీటా తెరిచింది. ఆ ఆట చేసిన రయట్ కంపెనీ అకౌంట్‌ని ట్విచ్ అనే లైవ్ వీడియో సైట్‌తో కలిపి, స్ట్రీమ్ చూస్తే అదృష్టాన్ని బట్టి ప్రవేశం. రెండు గంటలు చూస్తే అర్హత. మొదటిరోజే ఒకేసారి 17 లక్షల మంది చూశారు, ఒక్కరోజులో 3.4 కోట్ల గంటల వీక్షణ. జనం ట్యాబ్ తెరిచి, మ్యూట్‌లో పెట్టి పడుకున్నారు. కొందరు స్ట్రీమర్లు పాత రికార్డింగ్‌ని లైవ్‌లాగా తిప్పుతూ నిద్రపోయారు. బీటా అకౌంట్లు అమ్మకానికి పెట్టారు. ఆ బీటా మొదలైంది యూరప్, అమెరికా, కెనడాల్లో. మన దేశం అందులో లేదు కాబట్టి ఇక్కడ ఎన్ని గంటలు చూసినా సర్వర్ దూరమే.

కౌంటర్ స్ట్రైక్ 2 లిమిటెడ్ టెస్ట్ 2023 మార్చి 22న వచ్చింది. దరఖాస్తే లేదు. స్టీమ్‌ని నడిపే వాల్వ్ కంపెనీ సొంత సర్వర్లలో ఈమధ్య ఎంతసేపు ఆడారు, ట్రస్ట్ ఫ్యాక్టర్ (ఆటగాడి నడవడి చూసి వాల్వ్ వేసుకునే నమ్మకం అంచనా) ఎంత, స్టీమ్ అకౌంట్ శుభ్రంగా ఉందా అన్న మూడే చూస్తామని వాల్వ్ చెప్పింది. దాంతో ఫేసిట్‌లాంటి బయటి వేదికల్లో ఏళ్ళతరబడి ఆడినవాళ్ళకి ఒళ్ళు మండింది, ఆ గంటలు లెక్కలోకి రాలేదు మరి. ట్రస్ట్ ఫ్యాక్టర్ ఎవరికీ కనిపించే అంకె కాదు. "నాకెందుకు రాలేదు" అన్నదానికి జవాబు చెప్పేవాడే లేడు.

నాలుగోది డెడ్‌లాక్. అదీ వాల్వ్ ఆటే. 2024లో అప్పటికే టెస్టులో ఉన్నవాళ్ళు స్టీమ్ ఫ్రెండ్స్ జాబితాలోంచి లేనివాళ్ళని పిలిచారు. 2024 ఆగస్టు 23న స్టోర్ పేజీ బయటపెట్టేనాటికే ఒకేసారి 80 వేల మందికి పైగా ఆడుతున్నారు. రహస్యం అన్నారు, ఊరంతా ఆడింది. ముక్కూమొహం తెలియనివాళ్ళకి ఫ్రెండ్ రిక్వెస్టుల వరద.

నాలుగు చోట్లా ఒకటే లోపం: కీలు తక్కువైనందుకు కాదు, ఎవరికి ఎందుకొచ్చిందో తెలియనందుకు జనం మండిపడ్డారు. మీరు మొదట రాయాల్సింది నియమాలు. కీలు తర్వాత.

---

గోదారి_గేమర్

సుబ్బు గారి మాట సగం ఒప్పుకుంటాను. సర్వర్‌ని నిలబెట్టినవాళ్ళ సంగతేంటండీ? టోర్నమెంట్లు నడిపేది, కొత్తవాళ్ళకి సెట్టింగులు నేర్పేది, అర్ధరాత్రి గొడవలు సర్దేది ఓ 30 మంది. నిన్న చేరి ఇవాళ ఫారం నింపినవాడికి చీటీలో కీ వస్తే ఈ 30 మందీ చేతులు దులుపుకుంటారు. అప్పుడు సర్వర్ మిగలదు.

---

బగ్‌బౌండరీ

గోదారి అన్నా, వాళ్ళకి గుర్తింపు ఇవ్వాల్సిందే. దానికి బీటా కీ సరైన వస్తువు కాదు. స్టూడియో కీలు ఇస్తున్నది బహుమతిగా కాదు, తప్పులు పట్టడానికి. ఆ 30 మందిలో 25 మంది దగ్గర మంచి గ్రాఫిక్స్ కార్డు, ఫైబర్ లైను ఉంటే, స్టూడియోకి తన ఆఫీసు మెషీన్లలో కనిపించని తప్పు ఒక్కటీ దొరకదు.

సారథీ, ఫారంలో ఇవి అడగండి: ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, డిస్క్ హార్డ్‌డిస్కా ఎస్‌ఎస్‌డీనా, విండోస్ 10నా 11నా, ఇంటర్నెట్ ఎవరిది, వైఫైయా కేబులా, ఏ ఊరు, వారంలో ఏ రోజు ఏ వేళ ఖాళీ. నోటితో చెప్పిన వివరాలు నమ్మొద్దు. విండోస్ రన్ డబ్బాలో డీఎక్స్‌డయాగ్ అని కొట్టి, "సేవ్ ఆల్ ఇన్ఫర్మేషన్" నొక్కితే వచ్చే టెక్స్ట్ ఫైలు జతచెయ్యమనండి. అందులో కంప్యూటర్ పేరు కూడా పడుతుంది, చాలామంది అక్కడ సొంత పేరే పెట్టుకుంటారు. ఆ వరస చెరిపేసి పంపమని ముందే చెప్పండి.

50ని ఇలా విడగొట్టడం నా సలహా. 28 సీట్లు హార్డ్‌వేర్, నెట్‌వర్క్ గంపలకి, అంటే ఒకే రకం మెషీనో కనెక్షనో ఉన్నవాళ్ళ గుంపులకి: విడి కార్డు లేని 8 జీబీ ల్యాప్‌టాప్‌లు 8, జీటీఎక్స్ 1650 స్థాయి 8, ఏఎండీ కార్డులు 4, మొబైల్ హాట్‌స్పాట్ లేదా ఎయిర్‌ఫైబర్ వాడేవాళ్ళు 8. 12 సీట్లు అందరికీ కలిపి తీసే చీటీ. 4 సీట్లు గోదారి అన్న చెప్పిన సేవ చేసినవాళ్ళకి, ఆ మాట పైకి చెప్పి మరీ. 6 నిల్వలో. ఈ అంకెలు మార్చుకోవచ్చు. ఫారం తెరిచాక మాత్రం మార్చకూడదు.

---

ఓరుగల్లు_రైడర్

నెట్‌వర్క్ గంప సంగతి నేను చెప్తున్న, అది ఉట్టిగ పెట్టింది కాదు. ఆ గేమ్‌ల మ్యాచ్ ఒక ఆటగాడి మెషీన్ మీదనే నడిస్తే, అంటే పీర్ టు పీర్ అయితే, సీజీనాట్ (ఇంటర్నెట్ కంపెనీ చానామందికి కలిపి ఒక్కటే బయటి ఐపీ ఇచ్చుడు) ఎనక ఉన్నోళ్ళకి చానాసార్లు లాబీ, అంటే ఆటగాళ్ళు జమయ్యే గది, కలవదు. మొబైల్ డేటా, చానా వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు గట్లనే ఉంటయి. చూసుకునుడు అల్కగనే ఉంటది: రౌటర్ పేజీల వాన్ ఐపీ (రౌటర్‌కి కంపెనీ ఇచ్చిన అడ్రస్) 100.64 నుంచి 100.127 నడుమ మొదలైతే సీజీనాట్. లేకుంటే వాన్ ఐపీ, బయటి సైట్ చూపెట్టే ఐపీ వేరువేరుగ ఉన్నా మధ్యల ఇంకో నాట్ ఉన్నట్టే. గిసుంటోళ్ళు టెస్టుల లేకుంటే ఆట విడుదలైన రోజు సగం ఊర్లు "కనెక్షన్ ఫెయిల్డ్" చూస్తయి.

సర్వర్ ఏడుందో స్టూడియోని ముందుగాల అడుగుండ్రి. ముంబైల ఉంటే హైదరాబాద్ నుంచి 20, 30 మిల్లీసెకన్లు. యూరప్‌ల ఉంటే 130 దాటుతది. అప్పుడు "తుపాకీ సరిగ్గ తగుల్తలేదు" అన్న ఫిర్యాదులన్నీ పింగ్ (సర్వర్ దాకా పోయి వచ్చే టైము) వల్లనే అయితయి, గేమ్ తప్పు ఏదో తెల్వదు. ప్రతి రిపోర్టుల పింగ్ అంకె రాయమనుండ్రి.

ఇంకో మాట. యూరప్ స్టూడియో సాయంత్రం 7 గంటలకి ప్లేటెస్ట్ పెడితే మనకి రాత్రి పదిన్నర, పదకొండున్నర అయితది. తెల్లారి ఆఫీసు ఉన్నోళ్ళు రారు. ఐదుగురికి ఐదుగురంటే ఒక మ్యాచ్‌కి 10 మంది కావాలె. 44 మందికి కీలిచ్చినా ఒక్క పొద్దుల 20 మంది కలుస్తరని ఆశ పెట్టుకోకుండ్రి. ఫారంల ఖాళీ వేళ అడిగి, ఆ వేళకి దొరికేటోళ్ళనే ముందు తీసుకోవాలె.

---

స్టీమ్_సుబ్బు

చీటీ తీసేటప్పుడు ఎక్సెల్‌లో ర్యాండమ్ ఫార్ములా వాడొద్దు. షీట్‌లో ఏ చిన్న మార్పు చేసినా అంకెలు మళ్ళీ మారతాయి. నచ్చిన పేరు వచ్చేదాకా నొక్కారని ఎవరైనా అంటే కాదని నిరూపించలేరు. చక్రం తిప్పే వెబ్‌సైట్లదీ ఇదే బాధ, వీడియో తీసినా అది ఎన్నోసారి తిప్పిందో ఎవరికి తెలుసు?

ఇలా చెయ్యండి. ఫారం మూసిన వెంటనే, అర్హులందర్నీ స్టీమ్ ఐడీ వరసలో పేర్చి నంబర్లు వేసిన ఫైలు తయారుచెయ్యండి. అందులో పేరు వద్దు, నంబరు, స్టీమ్ ఐడీ చివరి 5 అంకెలు చాలు. ఎవరివైనా కలిస్తే ఆరో అంకె కూడా పెట్టండి. ఆ ఫైలు ఎస్‌హెచ్ఏ-256 హాష్ తీసి ఛానెల్‌లో పెట్టండి. అది ఫైలుకి వేలిముద్ర లాంటిది, ఫైల్లో ఒక్క అక్షరం మారినా అదీ మారిపోతుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్ ఆదేశంతోనే వస్తుంది. అదే పోస్టులో రాయండి: "రేపు రాత్రి 8 గంటల తర్వాత వచ్చే మొదటి బిట్‌కాయిన్ బ్లాక్ హాషే మన విత్తనం." బ్లాక్ అంటే బిట్‌కాయిన్ లావాదేవీల బహిరంగ చిట్టాలో కొత్తగా చేరే పుట, విత్తనం (సీడ్) అంటే చీటీ కలపడానికి మొదలు అంకె. ఆ హాష్‌ని మీరుగానీ ఇంకెవరుగానీ ముందే ఊహించలేరు. బ్లాకుల మధ్య సగటున 10 నిమిషాలు, ఒక్కోసారి అరగంట దాటుతుంది, కంగారుపడొద్దు. హాష్ వచ్చాక పైథాన్‌లో దాన్నే సీడ్‌గా పెట్టి జాబితాని కలిపేయండి, పైనుంచి సీట్లు నింపుకుంటూ రండి. నాలుగు వరసల కోడ్. దాన్నీ, పైథాన్ వెర్షన్‌నీ ఫైలుతో పాటే పెడితే ఎవరింట్లో నడిపినా అదే వరస రావాలి.

ఇది ఎక్కడ చెడుతుందంటే, జాబితాని ఎవరో చాట్‌లోంచి కాపీ చేసుకుని తమ ఫైల్లో అతికించుకుంటారు. వరస చివర కనిపించని అక్షరాలు మారిపోతాయి, హాష్ కలవదు, "మోసం" అని కేకలు. అసలు ఫైలునే డౌన్‌లోడ్‌కి పెట్టండి.

స్టీమ్ ఐడీ అంటే ప్రొఫైల్ పేరు కాదు, అది ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. 7656119తో మొదలయ్యే 17 అంకెల సంఖ్య తీసుకోండి. ఒక ఐడీకి ఒకటే దరఖాస్తు. దొంగ అకౌంట్లు ఆపడానికి లిమిటెడ్ అకౌంట్లు వద్దనండి. స్టీమ్‌లో కనీసం 5 డాలర్ల విలువ ఖర్చుపెట్టని అకౌంట్ లిమిటెడ్‌గా ఉంటుంది, దాంతో ఫ్రెండ్ రిక్వెస్ట్ కూడా పంపడం కుదరదు. దీనికీ ఒక ఇబ్బంది ఉంది: ఉచిత గేములే ఆడే విద్యార్థులు బయటపడిపోతారు. వాళ్ళ విషయంలో అకౌంట్ వయసు, ఆడిన గంటలు చూసి మోడరేటర్ ఒప్పుకోవచ్చని నియమంలోనే రాయండి.

---

గోదారి_గేమర్

సేవ చేసినవాళ్ళకి 4 సీట్లు పైకి చెప్పి ఇస్తామంటే నాకు అభ్యంతరం లేదు. ఆ నలుగురినీ ఎవరు ఎంచుతారు? మోడరేటర్లే అయితే మళ్ళీ మొదటికొస్తాం.

---

బగ్‌బౌండరీ

సరైన ప్రశ్న. ఫారం తెరవకముందే కొలత రాయాలి: "గత ఆరు నెలల్లో రెండు టోర్నమెంట్లయినా నడిపినవాళ్ళు" అన్నట్టు, ఎవరైనా పాత పోస్టులు తిరగేసి సరిచూసుకోగలిగేది. కొలతకి సరిపోయినవాళ్ళు నలుగురికి మించితే వాళ్ళ మధ్య అదే చీటీ. మోడరేటర్ల గురించి నా మాట కచ్చితం: జాబితా చేసేవాడు, చీటీ తీసేవాడు, కీలు పంపేవాడు చీటీలో ఉండకూడదు. టెస్ట్ ఛానెల్ చూసుకోవడానికి మోడరేటర్లకి ఆట అవసరం అయితే, ఆ 50 బయట రెండు కీలు అడగండి, ఎవరికో పేరు పెట్టి చెప్పండి. యూట్యూబర్లకీ అంతే. వాళ్ళకి కావాల్సింది ప్రచారం, స్టూడియో తన వాటాలోంచే విడిగా ఇచ్చుకోవాలి. వాళ్ళని టెస్టర్ల గంపలో కలిపితే రెండు పనులూ చెడతాయి.

---

నీలిమ_బిల్డ్స్

కీ పంపే దశలోనే ఎక్కువ పాడవుతుంది, దాని గురించి ఇంకా ఎవరూ రాయలేదు.

కీని పబ్లిక్ ఛానెల్‌లో పెడితే బాట్లు క్షణాల్లో లాగేస్తాయి. చివరి అక్షరం దాచిపెట్టినా అంతే, ఒక్క అక్షరమే కదా, ప్రయత్నించి పట్టేస్తాయి. నేరుగా మెసేజ్ చేద్దామంటే సగం మందికి సర్వర్ సభ్యుల నుంచి డీఎంలు మూసి ఉంటాయి. అందుకని ఒక్కొక్కరికి టికెట్ ఛానెల్ (ఆ మనిషికీ మోడరేటర్లకీ మాత్రమే కనిపించేది) తెరిచి అందులో ఇవ్వడం మేలు.

అంతకన్నా ముఖ్యం, వరస తప్పకూడదు. ముందు ఒప్పుకోలు, తర్వాత కీ. "మీకు సీటొచ్చింది, 24 గంటల్లో సరే అనండి" అని అడగండి. జవాబు లేకపోతే నిల్వ జాబితాలో తర్వాతివారికి. కీ పంపేశాక మనిషి మాయమైతే ఆ కీ మీ చేతిలో లేదు, స్టూడియో రద్దుచెయ్యాల్సిందే. ఏ కీ ఎవరికిచ్చారో రెండు నిలువు వరసల షీట్‌లో రాసుకోండి, దాన్ని ఇద్దరే చూడాలి. కీ ఎక్కడైనా అమ్మకానికి కనిపిస్తే దాన్నిబట్టే మనిషి తెలుస్తాడు. స్టూడియో తన స్టీమ్‌వర్క్స్ (గేమ్ తయారుచేసేవాళ్ళు వాడే స్టీమ్ సైట్) పేజీలో కీ వెతికి, వాడారో లేదో చూడగలదు, కావాలంటే రద్దు చెయ్యగలదు. వారానికోసారి ఆ లెక్క అడగండి. ఇంకొకటి, కీ తప్పుగా చాలాసార్లు కొడితే స్టీమ్ కాసేపు ఆపేస్తుంది. ఒకేలా కనిపించే అక్షరాలతో తికమకపడకుండా కాపీ చేసి అతికించమనండి.

అసలు కీలే వద్దని స్టూడియోకి చెప్పి చూశారా? 2020 చివర్లో స్టీమ్ ప్లేటెస్ట్ అనే ఏర్పాటు పెట్టింది. స్టోర్ పేజీలోనే బటన్ నొక్కి ప్రవేశం అడుగుతారు, స్టూడియో ఎంతమందిని లోపలికి వదలాలో అంకె పెడుతుంది. అమ్ముకోవడానికి కీ ఉండదు, టెస్ట్ అయ్యాక మూసేస్తే అయిపోతుంది. మీ గంపల ప్రకారం మనుషుల్ని ఎంచాలంటే అది చాలదు. ఎక్కువమందితో సర్వర్ మీద బరువు చూడాలంటే అదే మంచిది.

మొబైల్ గేములు చేసేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే: అక్కడ లెక్క తిరగబడుతుంది. గూగుల్ ప్లేలో 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ అకౌంట్లకి, క్లోజ్డ్ టెస్ట్‌లో 12 మంది వరసగా 14 రోజులు ఉంటేనే విడుదలకి దరఖాస్తు. మొదట ఇది 20 మంది. పదోరోజు ఒకరు బయటికెళ్ళి సంఖ్య 12 కన్నా తగ్గితే వరస తెగుతుంది, అందుకే 18, 20 మందిని పెట్టుకోవాలి. లింకు పనిచెయ్యలేదన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒకటే: ఫోన్‌లో రెండు గూగుల్ అకౌంట్లు, ఒకదాంతో ఒప్పుకుని ప్లే స్టోర్ ఇంకోదాంతో తెరుస్తారు. ఐఫోన్ టెస్ట్‌ఫ్లైట్‌లో బయటి టెస్టర్లు 10,000 మంది దాకా, ఒక్కో బిల్డ్ (టెస్టుకి పెట్టిన వెర్షన్) 90 రోజులకి గడువు తీరుతుంది. కొత్త బిల్డ్ ఎక్కించకపోతే అందరికీ ఒకేరోజు ఆగిపోతుంది.

---

ఓరుగల్లు_రైడర్

నీలిమ అక్క చెప్పినట్టు మొబైల్‌ల సీట్లు నిండుడు మనోళ్ళు చూసిందే. 2021 జూన్ 17న బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఎర్లీ యాక్సెస్ ప్లే స్టోర్‌ల ఇచ్చిండ్రు, సీట్లు ఇట్లనే నిండినయి. దొరకనోళ్ళు ఏపీకే (స్టోర్ బయట దొరికే ఇన్‌స్టాల్ ఫైలు) లింకుల కోసం తిరిగిండ్రు. జులై 2న అందరికీ వచ్చింది, అంటే రెండు వారాలు ఆగితే సరిపోయేది. సారథి అన్నా, ఓడిపోయినోళ్ళకి తర్వాతి దశ ఎప్పుడో తారీఖు తెలిస్తే చెప్పు. సగం కోపం దాంతోనే తగ్గుతది. తెల్వకుంటే తెల్వదని రాయి, ఆశ పెట్టకు.

---

పింగ్_పరశురాం

మోసాల గురించి ఒక పోస్టు పిన్ చెయ్యండి, కీల వార్త బయటికెళ్ళిన రోజే. కౌంటర్ స్ట్రైక్ 2 టెస్టప్పుడు దరఖాస్తే లేకపోయినా "ఇక్కడ నమోదు చేసుకోండి" అన్న దొంగ సైట్లు పుట్టాయి. అసలు ఇన్వైట్ ఆట మెనూలోనే వచ్చేది.

దొంగ సైట్‌లో స్టీమ్ లాగిన్ కిటికీ అచ్చం అసలుదానిలా ఉంటుంది, పైన అడ్రస్ కూడా సరిగ్గానే కనిపిస్తుంది. అది కిటికీ కాదు, పేజీలో గీసిన బొమ్మ. దాన్ని మౌస్‌తో పట్టి బ్రౌజర్ అంచు దాటించి చూడండి. అసలుదైతే బయటికొస్తుంది, దొంగదైతే అంచు దగ్గర ఆగిపోతుంది. ఈ మధ్య క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యమంటున్నారు. తెలియని సైట్‌లో కోడ్‌ని స్టీమ్ యాప్‌తో స్కాన్ చేసి ఒప్పుకుంటే పాస్‌వర్డ్ ఇవ్వకుండానే లాగిన్ వాళ్ళ చేతికి పోతుంది.

ఎవరైనా ఇరుక్కుంటే వరస ఇది: స్టీమ్ గార్డ్ పేజీలో అన్ని పరికరాల్నీ బయటికి పంపాలి, పాస్‌వర్డ్ మార్చాలి, ఆ తర్వాత వెబ్ ఏపీఐ కీ (ఇది బీటా కీ కాదు, బయటి ప్రోగ్రాములు అకౌంట్‌ని చూడటానికి వాడేది) పేజీ తెరిచి తాము పెట్టని కీ ఉంటే రద్దుచెయ్యాలి. మూడోది చాలామంది మర్చిపోతారు. ఆ కీ ఉన్నంతకాలం దొంగ మీ ట్రేడ్‌లని (ఆట వస్తువుల మారకాలని) కనిపెట్టుకుని ఉంటాడు, అవతలి మనిషి స్థానంలో తన నకిలీ అకౌంట్‌ని పెట్టేస్తాడు.

మీ ఫారంలో పాస్‌వర్డ్, ఫోన్ నంబరు, ఆధార్ ఏదీ అడగమని పైనే రాయండి. అలాంటివి అడిగే ఫారం దొంగదని సభ్యులకి అప్పుడే తెలుస్తుంది.

---

బగ్‌బౌండరీ

రహస్య ఒప్పందం సంగతి కూడా తేల్చుకోండి. "ఎవరికీ చెప్పొద్దు" అంటే చాలదు. స్క్రీన్‌షాట్ సర్వర్‌లోని టెస్ట్ ఛానెల్‌లో పెట్టొచ్చా? ఆడుతున్నానని చెప్పొచ్చా? స్టీమ్‌లో ఆట పేరు ఫ్రెండ్స్‌కి కనిపిస్తే తప్పా? ప్రతిదానికీ అవును, కాదు అని స్టూడియో చేత రాయించుకోండి. డెడ్‌లాక్‌లో ఒప్పందం అంటూ ఏదీ సంతకం చేయించుకోలేదు, ఎవరితోనూ పంచుకోవద్దని తెరమీద ఒక డబ్బా మాత్రం వచ్చేది. ద వెర్జ్ పత్రిక దాని గురించి వ్యాసం రాసింది, ఆ తర్వాత రాసినతన్ని మ్యాచ్‌మేకింగ్ నుంచి ఆపేశారు. ఒప్పందమా, విన్నపమా అన్నది స్పష్టంగా లేకపోతే ఇద్దరికీ తమదే న్యాయం అనిపిస్తుంది. టెస్ట్ బిల్డ్‌లలో అకౌంట్ గుర్తు తెరమీద సన్నగా ముద్రించడం మామూలే. చిత్రాన్ని కత్తిరించినా గుర్తు మిగిలేలా పెడతారు, సభ్యులకి ఆ మాట ముందే చెప్పండి.

---

సర్వర్_సారథి

అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ రాత్రి పిన్ చేసేది ఇది. సీట్లు 28, 12, 4, 6. ముందు గంపలు, గంపలో మనుషులు చాలకపోతే మిగిలిన సీట్లు అందరి చీటీలోకి. ఫారం శుక్రవారం రాత్రి 9కి మూత, హాష్ 10కి, చీటీ శనివారం రాత్రి 8 తర్వాతి మొదటి బ్లాక్‌తో. జాబితా చేసే ముగ్గురు మోడరేటర్లూ చీటీలో లేరు. ఒప్పుకోలుకి 24 గంటలు, కీ టికెట్‌లో. కీ అమ్మినా ఇంకొకరికిచ్చినా రద్దు, మా తర్వాతి టెస్టులకి కూడా పేరు ఉండదు. స్టూడియోని సర్వర్ ఊరు, టెస్ట్ వేళలు, బయటపెట్టకూడని వాటి జాబితా అడిగాను. జవాబు వచ్చేదాకా ఫారం తెరవను.

---

నీలిమ_బిల్డ్స్

ఒకటి చేర్చండి. ఒప్పుకోలు గడువు ఆదివారం రాత్రి 8కి పూర్తవుతుంది, అప్పుడు నిల్వ జాబితాలోని వాళ్ళని పిలిస్తే వాళ్ళకి మరో 24 గంటలు. మొదటి ప్లేటెస్ట్ సోమవారం పెట్టుకుంటే ఆ ఆరుగురూ ఆట డౌన్‌లోడ్ కూడా పూర్తిచెయ్యలేరు. బుధవారానికి జరపండి.

---

సర్వర్_సారథి

సరే, బుధవారం రాత్రి 9. మార్చాను.